మౌస్ క్రోమోజోమ్ మొదట్లో 30 లక్షల ‘ఎన్’లు ఎందుకు? సెంట్రోమియర్ దగ్గర అసలు ఏముంది?

సీక్వెన్సు_శ్రీను
అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ సైన్స్ నుంచి ఈ పక్కకి వచ్చినవాణ్ణి. బయాలజీ పదో తరగతితోనే వదిలేశాను, కాస్త ఓపిక పట్టండి. ఒక ల్యాబ్ వాళ్లు మౌస్ చిప్-సీక్ డేటా ఇచ్చారు. డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీద హెచ్3కే9మీ3 అనే మార్కు జీనోమ్‌లో ఎక్కడెక్కడ ఉందో చూడటానికి చేసిన సీక్వెన్సింగ్ అది. రెండు విషయాలు బుర్రకెక్కడం లేదు.

మౌస్ జీనోమ్ ప్రామాణిక ప్రతి అయిన ఎమ్‌ఎమ్10 రిఫరెన్స్ ఫైల్లో ఏ ఆటోజోమ్ (ఎక్స్, వై కాని క్రోమోజోమ్) తెరిచినా మొదటి 30 లక్షల అక్షరాలూ ఎన్‌లే, అంటే ‘అక్షరం ఏదో తెలియదు’ అన్న గుర్తులే. పెద్దదానికీ అంతే, చిన్నదానికీ అంతే. నిజంగా కొలిస్తే అన్నిటికీ ఒకే అంకె రావడం అసాధ్యం కదా.

రెండోది, 2వ క్రోమోజోమ్‌లో 98.66 మెగాబేస్‌ల (మెగాబేస్ అంటే పది లక్షల అక్షరాలు) దగ్గర ఒక పీక్, అంటే సిగ్నల్ శిఖరం, వచ్చింది. దాన్ని స్క్రీన్ మీద పట్టించాలంటే మిగతా క్రోమోజోమ్ అంతా చదునైపోతోంది. అక్కడ జీన్ ఏమీ లేదు. ఇదేమన్నా కొత్త సంగతా, లేక నా పైప్‌లైన్ తేడానా? సోమవారం మీటింగ్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

సందేహాల_సత్తిబాబు
జీన్ లేని చోట అంత పీకా? కంగ్రాట్స్ బ్రదర్, నేచర్‌కి పంపు.

డాపీ_నీలం
సత్తిబాబు గారూ, ఆయన్ని మీటింగ్‌కి ముందు ఏడిపించకండి.

శ్రీను గారూ, ముందు ఎన్‌ల సంగతి. మౌస్‌కి 40 క్రోమోజోములు. మనిషి క్రోమోజోముల్లో చాలావాటికి సెంట్రోమియర్ ఎక్కడో మధ్యలో ఉండి అటూ ఇటూ రెండు చేతులుంటాయి. మౌస్‌లో వై ఒక్కటి తప్ప మిగతావన్నీ టెలోసెంట్రిక్. అంటే సెంట్రోమియర్ దాదాపు కొసనే ఉంటుంది. అందుకే మీ ఫైల్ మొదలయ్యేదే సెంట్రోమియర్‌తో. కణం విడిపోయేటప్పుడు స్పిండిల్ దారాలు పట్టుకునే చోటు అదే.

అక్కడ ఎన్‌లని ఉన్నా, ఖాళీ మాత్రం కాదు. కొస నుంచి లోపలికి వస్తే వరస ఇలా ఉంటుంది. మొదట టెలోమియర్. దాని వెంటే కొద్ది వేల బేస్‌లలో ఎల్1 అనే గెంతే డీఎన్‌ఏది తెగిన ముక్క, టీఎల్‌సీ అనే చిన్న రిపీట్. వెంటనే మైనర్ శాటిలైట్: 120 బేస్ జతల ముక్క, ఒకదాని వెనక ఒకటిగా సుమారు 6 లక్షల బేస్‌ల పొడవునా, అంటే దాదాపు 5,000 కాపీలు. ఆ తర్వాత మేజర్ శాటిలైట్. ఇది 234 బేస్ జతల ముక్క, సుమారు 60 లక్షల బేస్‌ల పొడవు, ఒక్కో క్రోమోజోమ్‌కి ఇరవై ఐదు వేల కాపీల పైమాటే. క్రోమోజోమ్‌ని బట్టి, ఎలుకల రకాన్ని బట్టి ఈ అంకెలు బాగానే మారతాయి. ఇవన్నీ దాటాకే జీన్లుండే భాగం.

ఆ దారాలు తగులుకునే ప్రోటీన్ల కట్టడం, కైనెటోకోర్, కట్టుకునేది మైనర్ మీద. సెన్‌ప్-ఏ అనే ప్రత్యేకమైన హిస్టోన్ అక్కడే కూర్చుంటుంది. మేజర్ దాని పక్కన గట్టిగా చుట్టుకున్న హెటెరోక్రోమాటిన్. దీన్నే పెరిసెంట్రోమియర్ అంటాం. డీఎన్‌ఏకి పట్టే డాపి రంగు వేసి మౌస్ కణాన్ని మైక్రోస్కోప్‌లో చూస్తే కేంద్రకం నిండా నీలంగా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. మనిషి కణంలో అలా ఉండదు. డాపి ఏ-టీ జతలు ఎక్కువున్న చోట బాగా పట్టుకుంటుంది, మేజర్ శాటిలైట్ నిండా అవే. నాలుగైదు క్రోమోజోముల పెరిసెంట్రోమియర్లు ఒకచోట చేరితే ఒక చుక్క. వాటిని క్రోమోసెంటర్లు అంటారు. మైనర్ శాటిలైట్‌కే అతుక్కుని మెరిసే డీఎన్‌ఏ ముక్క (ఫిష్ ప్రోబ్) వేస్తే ఆ చుక్క లోపల కాదు, దాని అంచు మీద చిన్న చిన్న గింజల్లా కనిపిస్తుంది. ఒక్కసారి చూస్తే ఈ వరస ఇక మర్చిపోరు.

లాంగ్‌రీడ్_రవి
మేడమ్ వరస చెప్పేశారు కాబట్టి నేను ఫైల్ సంగతి చెప్తా.

30 లక్షలన్నది కొలత కాదు. “ఇక్కడ సెంట్రోమియర్ ఉంది, మా దగ్గర సీక్వెన్స్ లేదు” అని ఉజ్జాయింపుగా వదిలిన జాగా. పైన చెప్పిన లెక్క ప్రకారం అసలుది దానికి రెట్టింపు పైనే.

ఎందుకు లేదంటే: ఎవరో ఒక పెద్దాయన రాసిన రామకోటి పుస్తకాన్ని అరచేతి ముక్కలుగా చింపి మీ చేతికిచ్చి, మళ్లీ పేజీల వరసలో అతికించమంటే ఏం చేస్తారు? ప్రతి ముక్క మీదా అదే నామం. మెషీన్ ఒక్కసారి చదివే ముక్కని రీడ్ అంటారు. 150 బేస్‌ల ఇల్యుమినా రీడ్‌కి 234 బేస్‌ల రిపీట్ ఒక్కటి కూడా పూర్తిగా ఇమడదు. పాత శాంగర్ రీడ్లలో మహా అయితే మూడు నాలుగు ఇమిడేవి. పొడవాటి రీడ్లు వచ్చాక లాభం ఏమిటంటే, ఎక్కడో ఒకచోట ఆయన చెయ్యి తడబడి ఒక అక్షరం తప్పు రాసి ఉంటాడు. అలాంటి రెండు మూడు తప్పులు ఒకే ముక్కలో దొరికితే దాన్ని పట్టుకుని వరస కుదర్చొచ్చు. 2024లో మౌస్ జీనోమ్ టెలోమియర్ నుంచి టెలోమియర్ దాకా పూర్తి చేసి సైన్స్ పత్రికలో ప్రచురించారు. అందుకు వాడింది హాప్లాయిడ్ మూలకణాలు. ప్రతి క్రోమోజోమూ ఒక్కటే ఉంటుంది కాబట్టి అమ్మదా నాన్నదా అన్న తికమక ఉండదు.

ఇక మీ పీక్. జీనోమ్ బ్రౌజర్‌లో రిపీట్లని గుర్తించి చూపే రిపీట్‌మాస్కర్ ట్రాక్ ఆన్ చేసి 98.66 దగ్గరకి వెళ్లండి. జీశాట్_ఎమ్‌ఎమ్ అని కనిపిస్తుంది. అదే మేజర్ శాటిలైట్. ఎలాగో ఒక చిన్న ముక్క క్రోమోజోమ్ నడుమ ఉండి అసెంబ్లీలోకి వచ్చేసింది. జీనోమ్ మొత్తంలో ఉన్న లక్షల కాపీల నుంచి వచ్చిన రీడ్లకి రిఫరెన్స్‌లో సొంత చోటు లేదు, అన్నీ వచ్చి ఆ చిన్న ముక్క మీద పడుతున్నాయి. 9వ క్రోమోజోమ్‌లో 3.0 మెగాబేస్‌ల దగ్గర కూడా చూడండి, ఎన్‌లు అయిపోగానే ఇదే తంతు. రెండూ ఎన్‌కోడ్ ప్రాజెక్టు వాళ్ల బ్లాక్‌లిస్ట్‌లో, అంటే నమ్మకూడని చోట్ల జాబితాలో, ఉన్నాయి. పైప్‌లైన్ బానే ఉంది, బ్లాక్‌లిస్ట్‌లో ఉన్న చోట్లని తీసేయడం మరిచారు అంతే.

సీక్వెన్సు_శ్రీను
చూశాను. 9లో ఇంకా పెద్దది ఉంది! ఊపిరి వచ్చింది రవి గారూ.

కానీ ఒక మాట. బ్లాక్‌లిస్ట్ పెట్టి తీసేస్తే అది నిజం కాదన్నట్టే కదా? మేడమ్ చెప్పినదాన్ని బట్టి ఆ సిగ్నల్ నిజమే, అడ్రసు మాత్రమే తప్పు అనిపిస్తోంది.

డాపీ_నీలం
సరిగ్గా పట్టుకున్నారు. హెచ్3కే9మీ3కి మౌస్‌లో పాఠ్యపుస్తకం ఉదాహరణ మేజర్ శాటిలైటే. ఆ మార్కు అక్కడ పెట్టేవి సువ్39హెచ్1, సువ్39హెచ్2 అనే రెండు ఎంజైములు. రెండూ లేని ఎలుకల్ని 2001లో వియన్నాలో యెనువైన్ బృందం చూపించింది. పెరిసెంట్రోమియర్ మీద మార్కు పోయింది, క్రోమోజోములు సరిగ్గా పంచుకోలేదు, చాలా పిల్లలు పుట్టకముందే పోయాయి. ఆ మార్కు ఉంటేనే హెచ్‌పీ1 ప్రోటీన్ వచ్చి అతుక్కునేది. అంటే మీ ప్రయోగంలో అన్నిటికన్నా బలమైన అసలు సిగ్నల్నే బ్లాక్‌లిస్ట్ చెత్తబుట్టలో వేస్తోంది. జీన్లని నడిపే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ కోసం చేస్తే తీసేయండి, తప్పులేదు. ఈ మార్కుకి మాత్రం విడిగా లెక్కపెట్టాలి.

సందేహాల_సత్తిబాబు
ఒక్క నిమిషం. 234 అక్షరాలు, లక్షల సార్లు, జీన్ లేదు, ప్రోటీన్ లేదు. దీన్ని చెత్త డీఎన్‌ఏ అనే కదా మాకు చెప్పింది? ఇప్పుడేమో అది లేకపోతే ఎలుకే లేదంటున్నారు. ఎవర్ని నమ్మాలి?

తార్నాక_మాస్టారు
నాయనా సత్తిబాబూ, చెత్త అన్న మాట తర్వాత వచ్చింది. ముందు దీన్ని చూసినవాళ్లు తెల్లబోయారు, అంతే.

మౌస్ డీఎన్‌ఏని సీజియం క్లోరైడ్ ద్రావణంలో వేసి రోజుల తరబడి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే సాంద్రతని బట్టి ఒకచోట తేరుకుని నిలుస్తుంది. ఘన సెంటీమీటరుకి 1.701 గ్రాముల దగ్గర పెద్ద పట్టీ వస్తుంది. మౌస్‌లో మాత్రం 1.691 దగ్గర పక్కన ఇంకో చిన్న పట్టీ వచ్చింది. శాటిలైట్ అన్నది ఆ పట్టీకి పెట్టిన పేరే. 1961లో సాల్ కిట్ దాన్ని రాశాడు. ఏ-టీ జతలు ఎక్కువ కాబట్టి తేలిక. 1966లో వేరింగ్, బ్రిటెన్ ఆ డీఎన్‌ఏని వేడిచేసి పోగులు విడదీసి చల్లారిస్తే, మిగతా జీనోమ్ కన్నా ఎన్నో రెట్లు వేగంగా మళ్లీ జతకట్టింది. అంటే ఒకేలాంటి ముక్కలు కుప్పలుగా ఉన్నాయన్నమాట. 1970లో యేల్‌లో పార్డ్యూ, గాల్, ఎడిన్‌బరోలో కె. డబ్ల్యు. జోన్స్ విడివిడిగా రేడియోధార్మిక ప్రోబ్ స్లైడు మీదే అతికించి చూస్తే, ప్రతి క్రోమోజోమ్‌కీ సెంట్రోమియర్ దగ్గర నల్లచుక్కలు. వై మీద లేవు. ఫిష్ అని నీలమ్మ ఇప్పుడు చేసేది ఆ పద్ధతికి వారసురాలే.

1975లో ఎడ్ సదర్న్ రెస్ట్రిక్షన్ ఎంజైముతో కోసి ఈ వరసలో ఎంత దూరానికి ఎంత మార్పు వస్తుందో చూశాడు. ఆ ఏడే డీఎన్‌ఏ ముక్కల్ని పొర మీదికి దించి వెతికే బ్లాటింగ్ కూడా ఆయన పేరు మీద వచ్చింది. 1981లో హోర్త్స్, ఆల్టెన్‌బర్గర్ 234 అక్షరాలూ చదివారు. అందులోనూ వరసలున్నాయి: 58, 60, 58, 58 చొప్పున నాలుగు ముక్కలు. వాటిలో మళ్లీ 28, 30 చొప్పున. అడుగుకి వెళ్తే తొమ్మిది అక్షరాల మాటలు, జి పక్కన ఐదారు ఏలు ఉండేవి. చిన్న మాట రెట్టింపై, దాంట్లో తప్పులు పడి, మళ్లీ రెట్టింపై ఇంత అయిందన్నమాట.

మన ఊరి సంగతి ఒకటి. ఆ జోన్స్ దగ్గర ఎడిన్‌బరోలో చాలా ఏళ్లు పనిచేసినవాడే లాల్జీ సింగ్. పట్టెల కట్లపాము (బ్యాండెడ్ క్రెయిట్) ఆడదాని డీఎన్‌ఏలో దాని సొంత మైనర్ శాటిలైట్ పట్టుకుని బీకేఎం (బ్యాండెడ్ క్రెయిట్ మైనర్) అని పేరు పెట్టారు. గాటా, గాటా అని తిరిగే అక్షరాలు. 1982లో సింగ్, జోన్స్ ఆ పాము ప్రోబ్‌నే మౌస్ క్రోమోజోముల మీద వేసి లింగం తారుమారైన ఎలుకల్లో వై ముక్క ఎక్స్ మీదికి ఎలా దాటిందో చూపారు. 1987లో ఆయన హైదరాబాదు సీసీఎంబీకి వచ్చాక అదే ప్రోబ్‌తో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ మొదలైంది. కోర్టుల్లో పితృత్వం కేసులు తేల్చింది దాంతోనే. చెత్త అని పారేసి ఉంటే ఆ పని జరిగేదా చెప్పు.

సందేహాల_సత్తిబాబు
మాస్టారూ, పాము చెత్త ఎలుకకి పనికొచ్చిందంటారు. సరే, ఒప్పుకున్నా. సగం.

కణవిభజన_కావ్య
ఆ మిగతా సగం మీద సత్తిబాబు గారికి నా మద్దతు ఉంది.

సెంట్రోమియర్ ఎక్కడ కట్టాలో ఈ అక్షరాలే చెబుతాయనుకుంటే పొరపాటు. మైనర్ శాటిలైట్‌లో 17 అక్షరాల సెన్‌ప్-బి బాక్స్ ఉంటుంది, సెన్‌ప్-బి ప్రోటీన్ దానికి అతుక్కుంటుంది. మనిషి ఆల్ఫా శాటిలైట్ 171 బేస్‌ల ముక్క, దీనికీ దానికీ పెద్ద పోలిక లేదు. ఈ బాక్స్ మాత్రం రెండిట్లోనూ ఉంది. ఇదే తాళంచెవి అని అందరూ అనుకున్నారు. 1998లో మూడు బృందాలు విడివిడిగా సెన్‌ప్-బి జీన్ తీసేసిన ఎలుకల్ని చేశాయి. అవి బతికాయి, పిల్లల్నీ పెట్టాయి. మౌస్ వైని చూస్తే దాని సెంట్రోమియర్ వేరే రిపీట్‌తో, సుమారు 90 వేల బేస్‌లే. సెన్‌ప్-బి బాక్సే లేదు. అయినా తరతరాలుగా తండ్రి నుంచి కొడుకుకి చక్కగా వెళ్తోంది. సెన్‌ప్-ఏ ఎక్కడుంటే అక్కడే సెంట్రోమియర్. అక్షరాలు రెండో మాట.

డాపీ_నీలం
కావ్యా, వైని చూపించి మిగతా ఇరవై రకాల సంగతీ తేల్చేస్తే ఎలా? అక్షరాలకి పని లేకపోతే ఇరవై క్రోమోజోముల మీదా అవే 120 అక్షరాలు ఎందుకు నిలబడ్డాయి? మనిషిలో చాలా క్రోమోజోములకి సొంత వరస ఉంటుంది, ఏడో దాన్ని పదిహేడో దాన్నుంచి వేరు చేయొచ్చు. మౌస్‌లో మైనర్ ప్రోబ్ వేస్తే అన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఏది ఏదో తెలియదు. ఎవరో పనిగట్టుకుని దిద్దుతున్నట్టు ఉంటుంది. లాంగ్ రీడ్లలో అయితే నూటికి నూరు శాతం ఒకేలా ఉన్న పొడవాటి వరసలూ, వాటితోపాటే బాగా మారిపోయిన వరసలూ రెండూ కనిపించాయి.

సెన్‌ప్-బి లేకుండా బతకడం వేరు, తప్పు లేకుండా పంచుకోవడం వేరు. సెన్‌ప్-బి లేని కణాల్లోనూ, అది అతుక్కోలేని వైలోనూ తప్పుగా పంచుకోవడం ఎక్కువని తర్వాత కొలిచారు కదా.

కణవిభజన_కావ్య
కొలిచారు, కాదనను. అన్నీ ఒకేలా ఉండటానికి ‘పని’ ఒక్కటే కారణం కానక్కర్లేదన్నదే నా మాట. టెలోసెంట్రిక్‌లన్నీ కొసలు దగ్గరగా పెట్టుకుని క్రోమోసెంటర్లో ఉంటాయి. పక్కపక్కనే ఒకేలాంటి డీఎన్‌ఏ ఉంటే అటుదిటూ ఇటుదటూ మారుతూ ఉంటుంది. అలా మార్చుకునే కొద్దీ ఇంకా ఒకేలా తయారవుతాయి. 2006లో కాలిట్‌సిస్, చూ బృందం టీఎల్‌సీ గురించి రాసిందీ ఇదే. అన్ని క్రోమోజోముల మీదా ఒకే దిశలో, దాదాపు ఒకే సీక్వెన్స్.

దాని ఖరీదు కూడా ఉంది. ఒకేలా ఉన్న రెండు కొసలు విరిగి అతుక్కుంటే రెండు టెలోసెంట్రిక్‌లు కలిసి ఒక పెద్ద క్రోమోజోమ్ అవుతుంది. రాబర్ట్‌సోనియన్ ఫ్యూజన్. విరిగేది మైనర్ శాటిలైట్ లోపలే, టెలోమియర్లు పోతాయి. స్విట్జర్లాండ్‌లో పోస్కియావో లోయ ఎలుకని 1869లో వేరే జాతి అనుకుని పేరు పెట్టారు, పొగాకు ఎలుక అంటారు. తర్వాత గ్రోప్ క్రోమోజోములు లెక్కపెడితే 26. ఏడు జతలు అతుక్కుని ఉన్నాయి. మడీరా దీవి అయితే మరీ విచిత్రం. ఒక్క దీవిలో కొండలు అడ్డుండి ఆరు రకాలు తయారయ్యాయి, 22 క్రోమోజోముల దాకా తగ్గాయి. అదీ మనుషుల ఓడల్లో వచ్చిన ఎలుకలు కొద్ది వందల ఏళ్లలో.

లాంగ్‌రీడ్_రవి
ఇక్కడే నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఉంది. అండం తయారయ్యే విభజనలో (ఆడ మియోసిస్‌లో) నాలుగు వాటాలు పడితే ఒక్కటే అండంలో మిగులుతుంది, మిగతావి పోలార్ బాడీలనే చిన్న వృథా కణాల్లో పోతాయి. కాబట్టి అండం వైపు తిరగగలిగిన సెంట్రోమియర్‌కి లాభం. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లాంప్సన్ బృందం రెండు రకాల ఎలుకల్ని కలిపి పిల్లల్ని తీసింది. ఒక రకానికి మైనర్ శాటిలైట్ ఆరు నుంచి పది రెట్లు ఎక్కువ. పిల్లల అండకణాల్లో పెద్ద సెంట్రోమియర్, చిన్న సెంట్రోమియర్ ఎదురుబొదురుగా నిలబడితే పెద్దది సగం కన్నా ఎక్కువసార్లు అండంలోకి చేరింది. 2017లో వచ్చింది. మెండెల్ చెప్పిన సగం సగం అక్కడ చెల్లలేదు. ఎలుకకి ఉపయోగమా లేదా అన్నది పక్కనపెడితే, ఆ రిపీట్ పెరగడానికి రిపీట్‌కే స్వార్థం ఉంది.

సత్తిబాబు గారూ, చెత్తా కాదు, పనిమంతురాలూ కాదు అనే మూడో దారి ఇది.

సందేహాల_సత్తిబాబు
రాజకీయాల్లో ఉండాల్సిన డీఎన్‌ఏ.

తార్నాక_మాస్టారు
రవీ, మన పొలాల్లో తిరిగే చిట్టెలుకల్నీ మరవకు. వరిగట్ల మీద బొరియలు పెట్టే మస్ బూడుగాకి 40 టెలోసెంట్రిక్‌లే. దాని దగ్గరి చుట్టం మస్ టెర్రికలర్‌కీ 40 క్రోమోజోములే. కానీ అందులో కొన్ని రకాలకి కొన్ని క్రోమోజోముల మీద అదనంగా చిన్న చెయ్యి మొలిచింది, ఆ చెయ్యి అంతా హెటెరోక్రోమాటినే. బనారస్ హిందూ యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి చేసిన పని అది. అక్కడ ఫ్యూజన్ లేదు, ఊరికే పెరిగింది. ల్యాబ్ ఎలుక ఒక్కదాన్నే చూసి సూత్రాలు రాస్తే ఇలాంటివి జారిపోతాయి. మస్ కరోలీకి వెళ్తే శాటిలైట్లే వేరు, 60, 79 అక్షరాల ముక్కలు.

సీక్వెన్సు_శ్రీను
నేను పీక్ గురించి అడిగితే మడీరా దాకా తీసుకెళ్లారు, థాంక్స్ :) సత్తిబాబు గారి ప్రశ్న మీద ఒకటి అడగాలి. హెటెరోక్రోమాటిన్ అంటే మూసేసిన చోటు కదా. మరి నేను అదే ల్యాబ్ ఆర్‌ఎన్‌ఏ-సీక్ ఫైల్ తీస్తే అందులోనూ కొన్ని జీశాట్_ఎమ్‌ఎమ్ రీడ్లున్నాయి. డీఎన్‌ఏ కలిసిపోయిందా?

డాపీ_నీలం
కలిసి ఉండొచ్చు, డీఎన్‌ఏని కోసేసే ఎంజైము డీఎన్‌ఏజ్ వేశారో లేదో అడగండి. అయితే నిజంగానూ ఉండొచ్చు. మూసేసి ఉన్నా దాన్నుంచి ఆర్‌ఎన్‌ఏ కొంత వస్తుంది. మౌస్ పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడైతే మేజర్ శాటిలైట్ నుంచి ఒక్కసారిగా బోలెడు వస్తుంది, ఆ వెంటనే క్రోమోసెంటర్లు కట్టుకుంటాయి. 2010లో ఆ ఆర్‌ఎన్‌ఏని అడ్డుకుంటే పిండం ముందుకి సాగలేదు. ఇంకొకటి, ఏల తోక ఉన్న ఆర్‌ఎన్‌ఏనే ఏరే పాలీ-ఏ లైబ్రరీ అయితే జాగ్రత్త. ఈ రిపీట్‌లోనే ఏలు వరసగా ఉంటాయి, ఆ తోకని పట్టుకోవడానికి వాడే ఆలిగో-డీటీ వాటిమీద కూడా కూర్చోగలదు.

లాంగ్‌రీడ్_రవి
సోమవారానికి నేనైతే ఇలా చేస్తా. రిఫరెన్స్‌కి అతికించడం పక్కనపెట్టి, 234 అక్షరాల కన్సెన్సస్‌ని (కాపీలన్నిటికీ ఉమ్మడి వరసని) రెండుసార్లు పక్కపక్కన రాసి ఒక చిన్న ఫాస్టా ఫైల్ చేస్తా. రెండుసార్లు ఎందుకంటే, రిపీట్ అతుకు మీద పడిన రీడ్లు పోకూడదు. మైనర్‌కి 120 అక్షరాలతో ఇంకోటి. రిపీట్‌మాస్కర్‌లో మైనర్ పేరు సిన్‌రెప్_ఎమ్‌ఎమ్, వెతుక్కోవడానికి పనికొస్తుంది. ఎన్ని రీడ్లు వచ్చాయో మొత్తం రీడ్లలో వాటాగా చిప్‌కీ, ఇన్‌పుట్‌కీ (యాంటీబాడీతో ఏరకముందున్న డీఎన్‌ఏకి) విడిగా లెక్కపెట్టి ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే చాలు. మేజర్‌లో ఆ నిష్పత్తి బాగా పైకి ఉండాలి. లేకపోతే యాంటీబాడీని అనుమానించాలి. ఏ క్రోమోజోమ్ మీదిదో మాత్రం ఈ పొట్టి రీడ్లతో చెప్పలేం, చెప్పొద్దు కూడా.

సీక్వెన్సు_శ్రీను
ఇన్‌పుట్ ఫైల్ వాళ్లు ఇవ్వలేదు. పీకులు చూస్తే చాలు కదా అన్నారు.

డాపీ_నీలం
ఇన్‌పుట్ లేకుండా శాటిలైట్ గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకండి. లక్షల కాపీలున్నది ఏ ప్రయోగంలోనైనా పైకే కనిపిస్తుంది. ఈ రోజే మెయిల్ పెట్టండి. రెండు శాంపిళ్లు ఒకే రకం ఎలుకలవేనా అన్నది ఒకటి, లైబ్రరీకి పీసీఆర్ ఎన్ని సైకిళ్లు వేశారన్నది ఒకటి కూడా అందులోనే అడగండి. ఏ-టీ ఎక్కువున్న ముక్కలు పీసీఆర్‌లో తక్కువగా పెరుగుతాయి, సైకిళ్లు రెండిటికీ తేడా ఉంటే మీ నిష్పత్తి తప్పొస్తుంది.

సీక్వెన్సు_శ్రీను
పెట్టేశాను. కంట్రోల్‌ది ఒక రకం ఎలుక, నాకౌట్‌ది (జీన్ తీసేసినది) ఇంకో రకం అట. ఇప్పుడే ఫోన్‌లో చెప్పారు.

కణవిభజన_కావ్య
అయితే సోమవారం మీటింగ్‌లో టెన్షన్ పడాల్సింది మీరు కాదు.